నీళ్ళు దిగాక మొదలయ్యే పని

శ్రోతలకు నమస్కారం.

చెన్నైకి భారీ వర్షమని వాతావరణ శాఖ హెచ్చరించగానే వేళచ్చేరి వాళ్ళు కారు తీసుకెళ్ళి ఫ్లైఓవర్ మీద పెట్టేస్తారు. చలానా పడుతుందేమోనన్న భయం ఉన్నా పెడతారు. 2015 డిసెంబరు వరద, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపాను నేర్పిన తెలివి అది. మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర, దాటకముందే ముంచింది చెన్నైని. అందుకే ఇక్కడున్న మన తెలుగువాళ్ళకు ఆ పేరు చెబితే ఇటు ఇల్లూ గుర్తొస్తుంది, అటు ఊరూ గుర్తొస్తుంది. నన్నడిగితే చలానా కట్టడమే చవక.

బీమా నష్టాలు అంచనా వేసే సర్వేయర్‌ని నేను. వాన వెలిశాక షెడ్డులో కారు బానెట్ ఎత్తి మేం ముందు చూసేది ఎయిర్ ఫిల్టర్. అది తడిసి బురద పట్టి ఉంటే నీళ్ళు లోపలిదాకా వెళ్ళాయన్నమాట. తర్వాత ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తాం. ఆయిలు పాలు పోసిన కాఫీలా కనిపిస్తే ఇంజిన్లోకి నీళ్ళు చేరినట్టే. ఇంతవరకూ పెద్ద పేచీ ఉండదు. పెట్టిన చోట పెట్టినట్టే మునిగిన కారుకు ఓన్ డ్యామేజ్ పాలసీ, అంటే సొంత బండికి జరిగే నష్టానికి చేయించే బీమా, ఉంటే సీట్లు, వైరింగు వగైరా నష్టం పాలసీ ప్రకారం వస్తుంది. చిక్కంతా తాళం తిప్పడం దగ్గరే. సిలిండర్లో నీళ్ళుండగా పిస్టన్ పైకొస్తే ఆ నీళ్ళు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. రాడ్డు వంగింది వరద వల్ల కాదు, మీరు స్టార్ట్ చేయడం వల్ల అంటుంది కంపెనీ. మామూలు పాలసీలో ఆ ఇంజిన్ ఖర్చు రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ వేరే తీసుకోవాలి. అది ఉన్నా సరే, నీళ్ళల్లో నానిన బండిని స్టార్ట్ చేసి చూడకండి. ఫోటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, టోయింగ్ బండి మీద షెడ్డుకు పంపండి.

స్కూటర్ల సంగతి ఇంకో రకం. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు 3 ఏళ్ళ, కొత్త ద్విచక్ర వాహనానికి 5 ఏళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి. షోరూమ్‌లో 5 ఏళ్ళ కాగితం చేతికి రాగానే, ఇంక అయిదేళ్ళూ నిశ్చింత అనుకుంటారు చాలామంది. ఆ అయిదేళ్ళూ మీ బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికే. మీ బండికి జరిగే నష్టానికి సాధారణంగా మొదటి ఏడాది వరకే ఉంటుంది, రెండో ఏడాది నుంచి విడిగా కట్టుకోవాలి. కట్టనివాళ్ళకు వరదలో మునిగిన బండి మీద పైసా రాదు. ఇవాళే మీ కాగితంలో రెండు తేదీలూ వేరువేరుగా చూసుకోండి.

ఇక ఇల్లు. 2021 ఏప్రిల్ 1 నుంచి నివాస గృహాలకు భారత్ గృహ రక్ష అనే ఒకే నమూనా పాలసీని కంపెనీలన్నీ అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించింది. ఇందులో అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద, భూకంపం కూడా ఉన్నాయి. నాకు బాగా నచ్చిన మార్పు ఒకటుంది. పాత పద్ధతిలో 40 లక్షల విలువ చేసే కట్టడానికి 20 లక్షలకే బీమా చేయిస్తే, 4 లక్షల నష్టానికి చేతికొచ్చేది 2 లక్షలే. సగానికే చేయించావు కాబట్టి సగమే అనేవాళ్ళు. గృహ రక్షలో ఆ కోత లేదు, నష్టం 4 లక్షలైతే 4 లక్షలూ లెక్కలోకొస్తాయి. సామాన్లకైతే జాబితా ఇవ్వకపోయినా కట్టడం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు కవర్ దానంతటదే వస్తుంది. నగలు అందులోకి రావు.

ఎంతకు చేయించాలి అని అడుగుతారు. మైలాపూర్‌లో ఫ్లాటు కోటిన్నర పలుకుతుందంటే అందులో స్థలం వాటాయే ఎక్కువ. స్థలాన్ని వరద ఎత్తుకుపోదు. కార్పెట్ ఏరియాను ఇవాళ్టి నిర్మాణ ఖర్చుతో గుణించండి, అంతే చాలు. హోమ్ లోన్ ఉన్నవాళ్ళు ఇంకో పని చెయ్యాలి. బ్యాంకు చేయించిన పాలసీ ఉందో లేదో, ఉంటే దాని గడువెప్పటిదాకానో అడిగి, ఒక కాపీ తెచ్చుకోండి. ఆ కాగితం లోన్ ఫైల్లోనే నిద్రపోతూ ఉంటుంది. షావుకారుపేట మాదిరి చోట్ల దుకాణాలు, గోడౌన్లు ఉన్నవాళ్ళకు ఇదే వరసలో భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష ఉంది, 5 కోట్ల ఆస్తి వరకు.

పెద్ద వార్తలు కూడా రెండున్నాయి గానీ, వాటి వల్ల మన క్లెయిము కదిలేదేం లేదు. బీమా కంపెనీల్లో విదేశీ పెట్టుబడి పరిమితిని 74 నుంచి 100 శాతానికి పెంచే చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాల మీద జీఎస్‌టీ ఎత్తేశారు. కారుకూ ఇంటికీ మాత్రం 18 శాతం అలాగే ఉంచారు. మునిగే ఊళ్ళో ఇంటి బీమాకు ఆ మినహాయింపు ఎందుకు దక్కలేదో నాకైతే అర్థం కాలేదు.

మనకు నిజంగా పనికొచ్చేది 2024 జూన్ 11న ఐఆర్‌డీఏఐ కంపెనీలకు జారీ చేసిన ఆదేశాల సంపుటి, మాస్టర్ సర్క్యులర్. ఆ కాగితం లేదు, ఈ కాగితం లేదు అని క్లెయిము తిరస్కరించకూడదని అందులో స్పష్టంగా రాశారు. అడగాల్సిన కాగితాలు పాలసీ ఇచ్చేటప్పుడే అడగాలి. క్లెయిము అప్పుడు క్లెయిము ఫారం, డ్రైవింగ్ లైసెన్స్, అవసరమైన చోట ఎఫ్‌ఐఆర్, దుకాణమైతే స్టాకు రిజిస్టరు, ఇలా ఆ నష్టానికి నేరుగా సంబంధించినవే అడగాలి. సమాచారం అందిన 24 గంటల్లో సర్వేయర్‌ని పంపే ఏర్పాటు చెయ్యాలి. 15 రోజుల్లో మా రిపోర్టు చేరాలి. అది అందిన 7 రోజుల్లో కంపెనీ ఏదో ఒకటి తేల్చాలి. ఊరంతా మునిగినప్పుడు మేమూ పరుగులు పెడతాం, ఒక్కోసారి వెనకబడతాం. అయినా గడువు గడువే. అందుకే ఫోన్ చేసి ఊరుకోకండి, క్లెయిము నంబరు మెసేజ్‌గా తెప్పించుకోండి. రోజుల లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది.

గడువు దాటినా, ఇచ్చింది తక్కువనిపించినా ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా పంపండి. నెల రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా తృప్తిగా లేకపోతే, బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, అంటే బీమా ఫిర్యాదులు విని తీర్పిచ్చే అధికారి. చెన్నై కార్యాలయం అన్నాసాలైలో, తేనాంపేటలో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల వరకు వివాదాలు తీసుకుంటారు. ఆయన తీర్పిచ్చాక 30 రోజుల్లో కంపెనీ అమలు చెయ్యకపోతే, ఆలస్యమైన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు ఫిర్యాదు చేసిన మనిషికే కట్టాలి.

సెలవు. నమస్కారం.