ఇంటి డీడ్‌లో ఆమె పేరు
(ఉత్తర టెక్సస్ తెలుగు కుటుంబాల ఉగాది కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. పండుగపూట ఆస్తి పత్రాల గురించి మాట్లాడతానంటే కాదనకుండా సమయం కేటాయించిన నిర్వాహకులకు, పిల్లల పాటలు అయిపోయాక కూడా లేచి వెళ్ళకుండా కూర్చున్న పెద్దలకు నా కృతజ్ఞతలు. ఇంటి హక్కు రికార్డులు వెతికి బీమా ఇచ్చే టైటిల్ కంపెనీ సాయం లేకుండా మన ఇంటి డీడ్‌ను, అంటే ఇల్లు ఎవరిదో చెప్పే యాజమాన్య పత్రాన్ని, మనమే తయారుచేసుకుని కౌంటీలో (మన జిల్లా వంటిది) నమోదు చేయించుకోవడం ఎలా అన్నది నాకిచ్చిన అంశం. ఆ పద్ధతి తప్పకుండా చెబుతాను. అయితే నేను ఈ అంశమే కావాలని ఎందుకు అడిగానో ముందు చెప్పాలి.

నా స్నేహితురాలి భర్త ఇల్లు కొన్న రోజుల్లో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద, ఆమె భార్యగా వచ్చే హెచ్4 వీసా మీద ఉండేవారు. ఆమెకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, సంపాదన లేదు. కనుక అప్పు ఆయన ఒక్కరి పేరు మీదే తీసుకున్నారు, అప్పుతోపాటు డీడ్ కూడా ఆయన ఒక్కరి పేరు మీదే తయారైంది. తరువాత ఆమె చదువుకున్నారు, ఉద్యోగం చేశారు, వాయిదాల్లో సగం కట్టారు. ఆ ఇంట్లోనే పిల్లలను పెంచి పెద్దచేశారు. ఆయన వీలునామా రాయకుండా హఠాత్తుగా కన్నుమూశారు. కూతురి దగ్గరకు వెళ్ళిపోదామని ఆమె ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు, ఈ ఇల్లు మీదని రుజువేమిటని టైటిల్ కంపెనీవారు అడిగారు.

న్యాయంగా ఆ ఇల్లు ఆమెదే. పెళ్ళయ్యాక సంపాదించిన ఆస్తిని టెక్సస్ చట్టం దంపతులిద్దరి ఉమ్మడి ఆస్తిగా చూస్తుంది. వీలునామా లేకపోయినా, పిల్లలందరూ ఆ దంపతుల పిల్లలే అయినప్పుడు భర్త వాటా కూడా భార్యకే వస్తుంది. కానీ రావడం వేరు, వచ్చిందని కాగితం మీద చూపించడం వేరు. వారసత్వ అఫిడవిట్ కావాలన్నారు. ఆస్తిలో ఏ ప్రయోజనమూ లేని ఇద్దరు సాక్షులు, ఆ కుటుంబ చరిత్ర తెలిసినవారు, ప్రమాణం చేసి సంతకాలు పెట్టాలన్నారు. చనిపోయిన మనిషికి ఇంతకుముందు మరో పెళ్ళి అయిందా, వేరే పిల్లలున్నారా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి ఆ ప్రశ్నలకు సమాధానాలు చెప్పవలసి వచ్చింది. చిన్ననాటినుంచి ఆయనను ఎరిగినవారంతా గుంటూరు జిల్లాలో ఉంటే, ఇక్కడ అటువంటి సాక్షులను ఎక్కడినుంచి తెస్తారు? ఆ పని తెమిలేలోగా కొనడానికి వచ్చినవారు వెళ్ళిపోయారు. ఆయన బతికి ఉండగా రెండు పేజీల కాగితం రాసి, నోటరీ ముందు సంతకం చేసి, ముప్పై డాలర్ల లోపు రుసుముతో నమోదు చేయించి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

సోదరీమణులారా, మీలో ఎందరు మీ ఇంటి డీడ్ కళ్ళారా చూశారు? క్లోజింగ్ రోజున, అంటే కొనుగోలు పూర్తయి సంతకాలయ్యే రోజున, నేను కూడా సంతకం చేశాను కదా అని చాలామంది అనుకుంటారు. నా స్నేహితురాలు కూడా అలాగే అనుకున్నారు. ఆమె సంతకం చేసింది డీడ్ ఆఫ్ ట్రస్ట్ మీద. అది ఇంటిని అప్పుకు తాకట్టు పెట్టే పత్రం. కాపురముండే ఇంటిని జీవిత భాగస్వామి సమ్మతి లేకుండా అమ్మడానికి టెక్సస్ రాజ్యాంగం ఒప్పుకోదు. తాకట్టు విషయంలోనూ భార్యాభర్తలిద్దరి సంతకాలూ తీసుకుంటారు. అందుకే యాజమాన్యపు డీడ్‌లో పేరు లేని భార్యచేత కూడా ఆ పత్రం మీద సంతకం చేయిస్తారు. ఆస్తి పన్ను కోసం ఇళ్ళకు విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో కనిపించే పేరును చూసి కూడా నిశ్చింతగా ఉండవద్దు. అది పన్ను లెక్క, హక్కుకు రుజువు కాదు. చూడవలసింది పత్రాలు నమోదు చేసే అధికారి అయిన కౌంటీ క్లర్క్ దగ్గరున్న నమోదిత డీడ్‌ను. ఆ రికార్డులను కౌంటీ క్లర్క్ వెబ్‌సైటులో పేరుతో వెతుక్కోవచ్చు.

ఇక పద్ధతికి వస్తాను. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ రిజిస్ట్రేషన్ అంటే సబ్ రిజిస్ట్రారు ఎదుట హాజరు కావడం, స్టాంపు డ్యూటీ కట్టడం, ఫోటోలు, వేలిముద్రలు. ఇక్కడ అవేవీ ఉండవు. టెక్సస్‌లో ఆస్తి బదిలీ పన్ను లేదు. డీడ్ రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారు సంతకం చేయాలి, పుచ్చుకునేవారికి అందజేయాలి. నమోదు కావాలంటే ఆ సంతకాన్ని నోటరీ ఎదుట ధ్రువీకరించాలి, పత్రం ఇంగ్లీషులో ఉండాలి. పుచ్చుకునేవారి తపాలా చిరునామా రాయాలి; రాయకపోతే అదనపు రుసుము వేస్తారు. సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్సు నంబర్లను కొట్టివేసుకునే హక్కు గురించిన గోప్యతా ప్రకటనను మొదటి పేజీ పైభాగంలో పెద్ద అక్షరాలతో పెట్టాలి. రుసుము సాధారణంగా మొదటి పేజీకి 25 డాలర్ల ప్రాంతంలో, ఆ తరువాతి ప్రతి పేజీకి 4 డాలర్లు ఉంటుంది.

అన్నిటికన్నా జాగ్రత్తగా రాయవలసింది ఆస్తి వివరణ. మన ఊళ్ళలో సర్వే నంబరు, నాలుగు హద్దులు రాసినట్టు, ఇక్కడ లాట్ (స్థలం) నంబరు, బ్లాక్, సబ్‌డివిజన్ (లేఅవుట్) పేరు, ఆ లేఅవుట్ మ్యాపు నమోదైన పుస్తకం, పేజీ రాస్తారు. వీధి చిరునామా ఒక్కటే రాస్తే చాలదు. పాత డీడ్‌ను ముందు పెట్టుకుని ఆ వివరణను అక్షరం పొల్లుపోకుండా ఎక్కించండి. ఫ్రిస్కోలో ఉన్నవారు ఇంకో సంగతి చూసుకోవాలి: ఆ ఊరు కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ పరుచుకుని ఉంది. ఇల్లు ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీలోనే నమోదు చేయించాలి.

మన పేర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. పాస్‌పోర్టులో ఒక తీరు, డీడ్‌లో ఇంకో తీరు, పౌరసత్వం వచ్చాక మూడో తీరుగా మన పేర్లు మారిపోతాయి. ఇచ్చేవారి పేరును పాత డీడ్‌లో ఎలా ఉందో అలాగే రాసి, ఇప్పటి పేరు వేరైతే దానిని కూడా పక్కనే చేర్చండి. లేకపోతే ఈ ఇద్దరూ ఒకరే అని నిరూపించడం పదేళ్ళ తరువాత పిల్లల మెడకు చుట్టుకుంటుంది.

ఇంటర్నెట్‌లో దొరికే క్విట్‌క్లెయిమ్ నమూనా వాడవద్దని ప్రాధేయపడుతున్నాను. అది "నాకేదైనా హక్కు ఉంటే వదులుకుంటున్నాను" అనే కాగితం మాత్రమే. హక్కుకు అది ఏ హామీ ఇవ్వదు కాబట్టి, తరువాత ఇల్లు అమ్మేటప్పుడు టెక్సస్‌లో చాలా టైటిల్ కంపెనీలు అటువంటి డీడ్ దగ్గర ఆగిపోతాయి. హక్కుకు పూర్తి హామీ ఇచ్చే వారంటీ డీడ్ గానీ, ఇచ్చేవారి హయాంలో జరిగినదానికి మాత్రమే హామీ ఇచ్చే స్పెషల్ వారంటీ డీడ్ గానీ రాసుకోండి.

భార్య పేరు చేరిస్తే బ్యాంకు అప్పంతా ఒక్కసారిగా కట్టమంటుందేమోనని భయపడి ఆగిపోయినవారున్నారు. అయిదుకన్నా తక్కువ నివాసాలున్న ఇంటి విషయంలో, జీవిత భాగస్వామిని గానీ పిల్లలను గానీ యజమానులుగా చేర్చినంత మాత్రాన అలా అడగకూడదని 1982 నాటి ఫెడరల్ చట్టం, గార్న్ సెయింట్ జెర్మెయిన్ చట్టం, చెబుతోంది. పేరు చేరినంత మాత్రాన ఆమె ఆ అప్పుకు బాధ్యురాలు కూడా కాదు. భార్య అమెరికా పౌరురాలు కాకపోతే, ఆమెకిచ్చే కానుకల మీద పన్ను లేని వార్షిక పరిమితి 2025లో 1,90,000 డాలర్లు. ఇల్లు పెళ్ళికి ముందు కొన్నదైతే, అందులో వాటా ఇవ్వడం కానుక కింద లెక్కకొస్తుంది కనుక, ఈ అంకె గుర్తుంచుకుని పన్ను సలహాదారును అడగండి.

పేరు చేర్చగానే పని పూర్తయిందనుకోవడం ఇంకొక పొరపాటు. డీడ్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నంత మాత్రాన ఒకరు పోతే ఇల్లు మొత్తం రెండోవారికి దానంతట అది రాదు. బతికున్నవారికే ఆస్తి చెందాలని ఇద్దరూ రాసి సంతకాలు చేసిన ఒప్పందం ఉండాలి. లేదా 2015 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అమలులోకి వచ్చిన ట్రాన్స్‌ఫర్ ఆన్ డెత్ డీడ్ రాసుకోవాలి. నా దృష్టిలో మన కుటుంబాలకు ఇంతకన్నా ఉపకారం చేసిన పత్రం లేదు. బతికున్నంత కాలం ఇల్లు మీదే. అమ్ముకోవచ్చు, మనసు మార్చుకుని రద్దు చేసుకోవచ్చు. మీ తరువాత మాత్రం పేరు రాసినవారికి ప్రొబేట్ లేకుండా, అంటే వారసత్వం తేల్చే కోర్టు ప్రక్రియ లేకుండా, చేరుతుంది. అయితే మీరు బతికి ఉండగానే అది కౌంటీలో నమోదై ఉండాలి. బీరువాలో దాచిన కాగితం పనికిరాదు. పవర్ ఆఫ్ అటార్నీతో మీ తరఫున మరొకరు దానిని రాయలేరు. ఒకసారి నమోదయ్యాక వీలునామాతో దానిని రద్దు చేయలేరు. "టెక్సస్ లా హెల్ప్" (TexasLawHelp) అనే వెబ్‌సైటులో దీని నమూనా ఉచితంగా దొరుకుతుంది.

పిల్లల మీద ప్రేమతో ఇప్పుడే ఇల్లు వారి పేరున రాసిచ్చేద్దామనుకుంటున్న పెద్దలు ఈ డీడ్ గురించి ముందు ఆలోచించండి. రెండు లక్షల డాలర్లకు కొని ఇప్పుడు అయిదు లక్షలు చేసే ఇంటిని కానుకగా ఇస్తే, పిల్లలు అమ్మేనాడు లాభాన్ని ఆ పాత రెండు లక్షల నుంచే లెక్క కడతారు. మీ తరువాత వారసత్వంగా వస్తే అప్పటి విలువ నుంచి లెక్క మొదలవుతుంది. పైగా ఇల్లు వారి పేరు మీదకు వెళితే వారి అప్పులు, వారి విడాకులు కూడా మీ గడపలోకి వస్తాయి.

ప్రతి డీడ్‌నూ సొంతంగా రాసుకోమని నేను చెప్పడం లేదు. పరాయివారి దగ్గర ఇల్లు కొనేటప్పుడు టైటిల్ కంపెనీ వద్దనుకోవడం ప్రమాదం. పాత అప్పులు, కోర్టు తీర్పులు, కట్టని పన్నులు వెతికి చూసి బీమా ఇచ్చేది వారే, డబ్బును మధ్యవర్తిగా ఉంచుకునేదీ వారే. కౌంటీ క్లర్క్ కాగితాన్ని నమోదు చేస్తారు తప్ప హక్కు ఎవరిదో తేల్చరు. నేను చెప్పేదంతా కుటుంబంలోపల జరిగే మార్పుల గురించే. రెండో పెళ్ళి పిల్లలున్నా, విడాకుల కేసు నడుస్తున్నా న్యాయవాది దగ్గరకే వెళ్ళండి.

ఇల్లు కొన్న కొద్ది వారాలకే ప్రభుత్వ ముద్రలా కనిపించే గుర్తుతో, మీ డీడ్ ప్రతి పంపుతాం, ఇంత కట్టండి అని ఉత్తరాలు వస్తాయి. నా స్నేహితురాలు భర్త పోయిన నెలల్లో కూడా అటువంటి ఉత్తరానికి భయపడి డబ్బు పంపారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. టెక్సస్‌లో కౌంటీ క్లర్క్ పేజీకి ఒక డాలరు, ధ్రువీకరణకు 5 డాలర్లు తీసుకుని డీడ్ నకలు ఇస్తారు. అలాగే, డబ్బు తీసుకుని మీ డీడ్ రాసిపెడతామనే తెలిసినవారిని నమ్మవద్దు. ఆస్తి హక్కు పత్రాన్ని రుసుము తీసుకుని రాయడానికి ఈ రాష్ట్రంలో సాధారణంగా న్యాయవాదులకు తప్ప ఇతరులకు అనుమతి లేదు. మీ డీడ్ మీరు రాసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు.

సంతకం చేయవలసినవారు భారతదేశంలో ఉంటే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటులో అపాయింట్‌మెంటు తీసుకోవచ్చు. అక్కడ నోటరీ ముద్రకు 50 డాలర్లు. ఇక్కడున్నవారు భోజనాలయ్యాక పక్క గదికి రండి. మీ డీడ్‌ను కౌంటీ వెబ్‌సైటులో మీచేతనే వెతికిస్తాను. భర్తలు కూడా రావాలి, ఎందుకంటే పేరు చేర్చే డీడ్ మీద ముందుగా సంతకం చేయవలసింది వారే. డ్రైవింగ్ లైసెన్సు వెంట ఉంచుకోండి. పత్రం ఇంటి దగ్గరే సిద్ధం చేసుకున్నవారు సంతకం చోటు ఖాళీగా ఉంచి తీసుకురండి, మన నోటరీ గారు నాలుగింటి వరకు ఇక్కడే ఉంటారు.