కిల్‌పెక్ చర్చి గోడ మీద అమ్మ గుర్తుపట్టిన బొమ్మ

హాయ్ అండీ, ఈ బ్యాంక్ హాలిడేకి మా బర్మింగ్‌హామ్ ఫ్రెండ్స్ అందరూ బీచ్‌కి వెళ్లారు. మేం అమ్మని తీసుకుని ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లోకి వచ్చాం. "చర్చి చూడ్డానికి రెండు గంటలు కార్లో కూర్చోవాలా? కర్నూల్లో మన వీధి చివరే ఉంది కదే" అని అమ్మ పొద్దున్నించీ ఒకటే గొడవ. అయినా పులిహోర డబ్బా కట్టింది, ముందు సీట్లో కూడా తనే కూర్చుంది.

హియర్‌ఫర్డ్ దాటి ఏ465 రోడ్డు నుంచి పక్కకి తిరిగాక ఒక్క కారు పట్టేంత దారి. రెండు వైపులా నిలువెత్తు కంచె చెట్లు. ఫోన్లో సిగ్నల్ పోయింది, ఎదురుగా ట్రాక్టర్ వచ్చింది. మా ఆయన కారుని రివర్స్‌లో వెనక్కి తీస్తుంటే అమ్మ కళ్లు మూసుకుని ఆంజనేయ దండకం అందుకుంది.

ఇదేనండీ కిల్‌పెక్. నాలుగిళ్లు, సమాధుల మధ్య ఎర్ర ఇసుకరాతితో కట్టిన చిన్న చర్చి. సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్ అని పేరు. 1140 ప్రాంతంలో కట్టారు, అంటే మన ఓరుగల్లు కోటలో రాణీ రుద్రమ పాలనకి వందేళ్లకి పైగా ముందు. వెనక దిబ్బ మీద పాత కోట గోడ ముక్కలు కొన్ని మిగిలాయి. టికెట్ లేదు, గైడ్ లేడు. మేం వెళ్లేసరికి ఒక్క మనిషి కూడా లేడు.

నేను ముందు ఈ దక్షిణ ద్వారం చూపిస్తాను. గుమ్మం పైన అర్ధచంద్రంలా ఉన్న రాతిలో తీగ, దాని చుట్టూ డ్రాగన్లు, పక్షి ముక్కులు. పక్క స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న ఇద్దరు యోధులున్నారు చూడండి, పొడుగు ప్యాంట్లు వేసుకున్నారు! ఆ మడతలు కూడా చెక్కారు. దాదాపు 900 ఏళ్ల ఎండా వానా తిన్న రాయి అంటే నమ్మలేం.

అసలు సంగతి పైన ఉంది. కప్పు అంచు కింద గోడ చుట్టూ వరసగా రాతి తలకాయలు. కార్బెల్స్ అంటారు. ఇప్పటికి 85 మిగిలాయి. పంది, ఫిడేలు లాంటి వాద్యం వాయించే మనిషి, పక్కపక్కనే ఆనుకుని కూర్చున్న కుక్కా కుందేలూ. కుక్క చెవులు వేలాడేసుకుని ఇవాళ్టి కార్టూన్‌లాగే ఉంది. మా పాప అయితే దాని దగ్గర్నుంచి కదల్లేదు.

తర్వాత వచ్చేది షీలా నా గిగ్ అనే శిల్పం. రెండు చేతులతో తన మర్మాంగాన్ని విప్పి చూపిస్తున్న ఆడమనిషి, చర్చి గోడ మీద! చెడుకి హెచ్చరిక అని కొందరు, దిష్టికని కొందరు, సంతానం కోసమని కొందరు అంటారు. పండితులే ఇంకా తేల్చలేదు. అమ్మ ముందు ఎలా చెప్పాలా అని నాకు టెన్షన్. గబగబా ముందుకి నడిపిద్దామనుకున్నా.

అమ్మ ఆగి, కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఏందే అట్ల సిగ్గుపడతావు? ఆలంపురం మ్యూజియంలో చూడలేదా? లజ్జాగౌరి."

అవును కదా! తుంగభద్ర దాటితే ఆలంపురం. చిన్నప్పుడు జోగులాంబ గుడికి వెళ్లినప్పుడల్లా మ్యూజియంలోకీ వెళ్లేవాళ్లం. లజ్జాగౌరి కూడా ఇలాగే కాళ్లు విప్పి కూర్చున్న దేవత. ఆ బొమ్మకి తల ఉండాల్సిన చోట తామర ఉంటుంది, ఈమెకేమో గుండ్రటి పెద్ద కళ్లున్న తల. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉందని నేను అనను. కానీ నేను నెట్‌లో చదివి వచ్చినదానికంటే అమ్మ ఒక్క చూపులో ఎక్కువ పట్టుకుంది.

లోపలికి వెళ్లేముందు అమ్మ చెప్పులు విప్పేసింది. రాతి నేల ఐస్‌లా ఉన్నా వినలేదు. విజిటర్స్ బుక్‌లో తెలుగులో సంతకం చేసి, ఊరు కర్నూలు అని రాసి, విరాళాల డబ్బాలో రెండు పౌండ్లు వేసింది.

కార్లో పులిహోర తింటూ వీడియో చూసుకుంటుంటే, "ఆ షీలమ్మని మరీ దగ్గరగా పెట్టొద్దు, మీ మామయ్య చూస్తాడు" అంది. అందుకే అక్కడ జూమ్ చేయలేదండీ.