ఈ సెట్ మీకు బాగా సెట్ అవుద్ది

శ్రోతలకు నమస్కారం. సాయంత్రం పూట మన విజయవాడ బీసెంట్ రోడ్డులో నడుస్తుంటే గొలుసులూ కమ్మలూ అమ్మేవాళ్లు పిలుస్తుంటారు, ‘తీసుకోండక్కా, ఈ సెట్ మీకు బాగా సెట్ అవుద్ది’ అని. ఒకే మాట రెండుసార్లు, రెండు అర్థాల్లో వచ్చింది, అయినా ఎవరూ తికమకపడరు. అదే మాట ఇంగ్లీషు పుస్తకంలో కనబడితే మాత్రం మన పిల్లలకు టెన్షన్.

టెన్షన్‌కి కారణం ఉంది లెండి. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియకే 430 దాకా అర్థాలిచ్చారు. అవన్నీ బట్టీ పట్టమని ఎవరు చెప్పినా వినకండి.

అసలు ఆ రెండు సెట్లూ పుట్టుకతోనే వేరు. నగల సెట్టు, సెట్ దోశ, లెక్కల్లో సమితి, వీటిలో ఉన్న సెట్ లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. వెంట నడిచే గుంపు అని దాని అర్థం. క్రియ మాత్రం పాత ఇంగ్లీషు ‘సెట్టన్’, అంటే కూర్చోబెట్టడం. ఈ ఒక్క అర్థం పట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది. ఆటోనగర్‌లో మెకానిక్ ట్యాపెట్లు, అంటే ఇంజిన్ వాల్వుల్ని కదిలించే భాగాలు, సెట్ చేసేటప్పుడు చూడండి, సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు అక్కడి సందులో దూర్చి, అది పట్టీ పట్టనట్టు జరిగేదాకా స్క్రూ తిప్పి, ఇక కదలకుండా నట్టు బిగిస్తాడు. ఉండాల్సిన చోట కూర్చోబెట్టాడన్నమాట. కృష్ణలంకలో స్లాబు పోశాక మేస్త్రి ‘సెట్ అవనివ్వండి’ అనేదీ ఇదే. సిమెంటు గట్టిపడేది ఎండిపోయి కాదు, నీళ్లతో రసాయన చర్య జరిగి, అందుకే ఆ తర్వాత కూడా స్లాబు మీద నీళ్లు కడతారు.

మనకి ఒక్కో పనికీ ఒక్కో మాట ఉంది. పెరుగు తోడుకుంటుంది, ఉంగరంలో రాయి పొదుగుతాం, ఉచ్చు పన్నుతాం, పొద్దు గూకుతుంది. ఇంగ్లీషులో ఇవన్నీ సెట్టే. ‘పెరుగు సెట్ అయిందా’ అని ఇళ్లలో వినబడుతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది, తోడుకుందా అంటే సరిపోయేదానికి.

అలాగని మనకీ అలాంటి మాట లేకపోలేదు. అడుగు పెట్టడం, నిప్పు పెట్టడం, అలారం పెట్టడం, మూడింటికీ ఇంగ్లీషులో సెట్ వస్తుంది. ‘పెట్టు’కి ఎన్ని అర్థాలో మనమెవరం బట్టీ పట్టలేదు కదా, పక్కనున్న మాటని బట్టి తెలిసిపోయింది. ఇంగ్లీషు సెట్‌నీ అలాగే, పక్క మాటతో కలిపి వాక్యంగా రాసుకోండి. ‘సెట్ ఆఫ్’ లాంటివి మాత్రం విడిగా నేర్చుకోవాల్సిందే, ప్రయాణానికి బయల్దేరినా అదే, టపాసు పేల్చినా అదే.