గింబల్ కొనే ముందు, విమానం ఎక్కే ముందు

యాంకర్: భీమవరం నుంచి కాల్. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. పద్నాలుగేళ్లుగా పెళ్లి వీడియోలు తీస్తున్నానండి. మొన్న జీలకర్ర బెల్లం టైముకి, కెమెరా ఊగకుండా మోటార్లతో నిలిపే గింబల్ గజగజా వణికిపోయిందండి. మోటారు ముట్టుకుంటే కాలింది. తాళి కట్టేది ఉత్త చేత్తోనే తీశాను. ఆ టెన్షన్ ఇంకా పోలేదు. పెద్దది కొనమంటారా? అన్నట్టు, వచ్చే నెల మా బావగారి అమ్మాయి పెళ్లి సింగపూర్‌లో, అక్కడికీ పట్టుకెళ్లాలి.

నిపుణుడు: ఎన్ని కిలోలు మోస్తుంది మీది?

శ్రోత: మూడండి. కెమెరా ఏడొందల గ్రాములే, పెట్టె మీద రాసుంది.

నిపుణుడు: పెట్టె మీద చూడకండి, తూకం వేయండి. లెన్సు, మైకు, లైటు, ప్లేటు అన్నీ బిగించి కాటా మీద పెట్టండి.

శ్రోత: లైటంటే గుర్తొచ్చిందండి, ఆ రోజు మధ్యలో బిగించాను...

నిపుణుడు: అదే! బరువు సరిపోయినా బ్యాలెన్స్ పోయింది. పవర్ ఆపేసి, లెన్సును ఆకాశం వైపు తిప్పి చెయ్యి వదలండి. అక్కడే నిలవాలి. ఒరిగిందంటే ఆ భారమంతా మోటారు మోస్తోందన్నమాట. అందుకే వేడెక్కింది, అందుకే వణికింది. ముందు టిల్ట్, అంటే పైకీ కిందికీ వంగడం, తర్వాత రోల్, అంటే పక్కకు ఒరగడం, చివర్లో పాన్, అంటే కుడి ఎడమలకు తిరగడం, సరిచేసుకోండి. కొత్తది కొనొద్దు.

శ్రోత: హమ్మయ్య. మరి బ్యాటరీలు సూట్‌కేసులో వేసేయొచ్చాండీ? బరువు కదా.

నిపుణుడు: వద్దు. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే. వోల్టుల్ని యాంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 14.8 వోల్టులు, 6.6 యాంపియర్ అవర్లంటే దాదాపు 98, ఫరవాలేదు. 100 దాటి 160 లోపుంటే విమాన సంస్థ ఒప్పుకోవాలి, అవీ రెండే. వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకు సామాను, సీరియల్ నంబర్లు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చాక సుంకం గొడవ ఉండదు. డబ్బు తీసుకుని చేసే షూటింగుకి సామాను ఎక్కువుంటే వ్యాపార సంస్థల సమాఖ్య ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నే ఉంది, అంటే సామాను సుంకం లేకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి తెచ్చుకునే పత్రం, ఏడాది వరకు చెల్లుతుంది.

శ్రోత: సరేనండి. అయితే ఆ పెద్ద బ్యాటరీలు రెండూ సూట్‌కేసులో...

నిపుణుడు: చేతి సంచిలో బాబూ! టెర్మినళ్లకు టేపు వేసి, చేతి సంచిలో!

యాంకర్: ధన్యవాదాలు. నిజామాబాద్ నుంచి మరో కాల్.

శ్రోత: సార్, ఫోన్ గింబల్‌తో నడుస్తుంటే వీడియో పైకీ కిందికీ ఊగుతోంది. పాడైందా?

నిపుణుడు: లేదమ్మా. టిల్ట్, రోల్, పాన్ అనే మూడు యాక్సిస్‌లు తిరుగుడునే ఆపుతాయి, అడుగుల ఊపును కాదు. మోకాళ్లు కొద్దిగా వంచి, మెల్లగా నడవండి.

శ్రోత: ఇంకోటి సార్, యాప్...

యాంకర్: సమయం తక్కువగా ఉందండీ. హైదరాబాద్ నుంచి మాట్లాడండి.

శ్రోత: సార్, మేం డ్రోన్ గింబల్స్ తయారు చేస్తాం. వేడిని బట్టి బొమ్మ చూపే థర్మల్ కెమెరా ఉన్న వాటికి కెన్యా నుంచి ఆర్డర్ వచ్చింది. మామూలు కెమెరాల్లాగే పంపొచ్చా?

నిపుణుడు: ఆగండి. లోపల ఏ సెన్సర్ ఉందో చూడందే పంపకండి. థర్మల్ కెమెరాలు స్కోమెట్ జాబితా, అంటే సైనికంగానూ వాడగల వస్తువుల ఎగుమతిని నియంత్రించే జాబితా కిందికి రావచ్చు. వస్తే కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ లైసెన్సు కావాలి, కొన్నవాళ్లు ఎందుకు వాడతారో రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫ్రేమ్ రేటు 9 హెర్ట్జ్, అంటే సెకనుకు తొమ్మిది ఫ్రేములు, దాటని కొన్ని రకాలకు సడలింపు ఉంది. ఆ ఒక్క అంకె చూసి ధైర్యం చేయకండి. సెన్సర్ అమెరికాదైతే దాన్ని మరో దేశానికి పంపడానికి వాళ్ల రీ-ఎక్స్‌పోర్ట్ అనుమతీ అవసరం కావచ్చు. అడ్వాన్స్ తీసుకున్నారా?

శ్రోత: నిన్ననే సార్.

నిపుణుడు: కాగితాల సంగతి తేలేదాకా డెలివరీ తేదీ మాత్రం మాటివ్వకండి.

యాంకర్: ధన్యవాదాలు. తర్వాతి కాల్...