పీహెచ్‌డీ చేస్తామంటున్న మీతో నాలుగు మాటలు: భీమవరంలో జీవశాస్త్ర విద్యార్థులకు చేసిన ప్రసంగం

పెద్దలకు నమస్కారం. ఎమ్మెస్సీ పిల్లలకీ, వాళ్లతో పాటు వచ్చిన అమ్మానాన్నలకీ నమస్కారం.

మాది ఇక్కడికి దగ్గర్లోనే పల్లెటూరు. నాన్న కౌలుకి చేసేవారు. సార్వాకి ఎక్కువగా స్వర్ణ వేసేవారు. అది మన మారుటేరు పరిశోధనా స్థానంలో పుట్టిన రకం, 1982లో విడుదలైంది. నేను పుట్టకముందు ఎవరో పొలంలో నిలబడి మొక్కా మొక్కా చూసి ఎంచిన రకం మా ఇంట్లో రోజూ అన్నమై ఉడుకుతోందని ఎమ్మెస్సీకి వచ్చేదాకా నాకు తెలీదు. తెలిసిన రోజున ఈ పని మీద పుట్టిన ఇష్టం ఇప్పటికీ పోలేదు. ఇప్పుడు చెప్పబోయే కష్టాలన్నీ ఆ ఇష్టం ఉన్న మనిషి చెబుతున్నవే అనుకుని వినండి.

మీరు రాసిచ్చిన చీటీలు నిన్న రాత్రి చదివాను. ఎక్కువమంది అడిగింది ఒకటే. పీహెచ్‌డీ చేస్తే ప్రొఫెసర్ ఉద్యోగం వస్తుందా?

చాలామందికి రాదు. చేరకముందే ఈ మాట చెప్పకపోతే మోసం చేసినట్టే. ఒక గైడ్ తన సర్వీసంతా కలిపి పది పదిహేనుమంది చేత పీహెచ్‌డీ చేయిస్తారనుకోండి. ఆయన రిటైరైతే ఖాళీ అయ్యేది ఒక్క కుర్చీ. కొత్త సంస్థలు వస్తూనే ఉన్నాయి, తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర సైన్సు విద్యా పరిశోధనా సంస్థ 2015లో వచ్చిందే. అయినా ఆ పదిహేనుమందికీ సరిపడా కుర్చీలు ఎప్పుడూ ఉండవు. కాబట్టి రేపు మీకు ఆ ఉద్యోగం రాకపోతే తెలివి చాలలేదనుకోకండి. ఆ సంగతి తెలీక నాతో చదివిన వాళ్లు కొందరు ఏళ్ల తరబడి తమని తామే తిట్టుకుంటూ బతికారు.

మరి ఎందుకు చేయాలి? అది చెప్పాలంటే రోజూ చేసే పని ఎలా ఉంటుందో చెప్పాలి.

నా పీహెచ్‌డీ వరికి వచ్చే బాక్టీరియా ఎండాకు తెగులు మీద. మీలో రైతుల పిల్లలు ఆ తెగులు చూసే ఉంటారు. ఆకు కొస నుంచి, అంచుల వెంట పసుపు చార కిందికి దిగుతుంది, కొన్నాళ్లకి ఆకంతా ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది. దాన్ని తట్టుకునే జన్యువు ఒకటుంది, ఎక్స్‌ఏ 21 అంటారు. అది ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవి వరిలో దొరికింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో సంకరాలు చేసి దాన్ని సాగు వరిలోకి తెచ్చారు, 1990లో ఆ ఫలితం బయటికొచ్చింది. 1995లో అమెరికాలో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువుని విడదీసి చూపించింది. దాన్నీ, మరో రెండు జన్యువుల్నీ మన బాపట్ల బీపీటీ 5204లోకి, అంటే సాంబ మసూరిలోకి, హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ వాళ్లూ రాజేంద్రనగర్ వరి పరిశోధనా సంస్థ వాళ్లూ కలిసి ఎక్కించారు. ప్రతి తరంలో ఆకు తుంచి, డీఎన్‌ఏ చూసి, ఏ మొక్క ఉంచాలో ఏది పీకేయాలో తేల్చుకుంటూ వెళ్లారు. ఆ ఇంప్రూవ్డ్ సాంబ మసూరి 2008లో విడుదలైంది.

1990 నుంచి 2008 అంటే పద్దెనిమిదేళ్లు. ఒక పీహెచ్‌డీకి ఐదారేళ్లు. ఇంత పొడుగు పనిలో మీ చేతికి వచ్చేది ఒక ముక్క. ముందున్న వాళ్లని మీరు చూసి ఉండరు, తర్వాతి వాళ్లు మిమ్మల్ని చూడరు. ఆ ముక్కని శుభ్రంగా చేయడంలోనే ఆనందం దొరికే మనిషి మీరా కాదా అన్నది చూసుకోండి. ర్యాంకులూ మార్కులూ ఈ సంగతి చెప్పలేవు.

నేను ఆ ముక్కని ఎలా పాడుచేశానో కూడా వినండి. వరి పువ్వు చూడ్డానికి గింజలాగే ఉంటుంది, లోపల ఆరు కేసరాలు, అంటే పుప్పొడి ఉండే మగ భాగాలు. సంకరం చేయాలంటే ముందు రోజు సాయంత్రమే పువ్వు పైభాగం కత్తెరతో కోసి, సన్న ఫోర్సెప్స్‌తో ఆ ఆరింటినీ తీసేయాలి. ఒక్కటి మిగిలినా ఆ పువ్వు తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. తీశాక కంకికి బటర్ పేపర్ సంచి తొడిగి, మర్నాడు పది పదకొండు మధ్య మగ మొక్క పూలు విచ్చుకున్నప్పుడు ఆ కంకి తెచ్చి దీని మీద దులపాలి. రెండో ఏడాది నేను రెండు సీజన్లు మెడ వంచి అదే పని చేశాను. గింజలొచ్చాయి, నాటాను, మొలిచాయి, పీసీఆర్ చేసి, అంటే డీఎన్‌ఏ ముక్కని లక్షల నకళ్లుగా పెంచి, జెల్ మీద గీతలుగా చూశాను. అన్ని గడుల్లోనూ తల్లి మొక్క డీఎన్‌ఏ గీతే ఉంది. తండ్రి గీత ఒక్క దాంట్లోనూ లేదు. ఎనిమిది నెలల పని.

గైడ్ కోప్పడలేదు. "కేసరాలు ఏ గంటకి తీశావమ్మా?" అని అడిగారు. నోట్‌బుక్ తీశాను. తేదీలు ఉన్నాయి, గంటలు లేవు. సాయంత్రం క్లాసులుండటంతో చాలా రోజులు పొద్దున్న తొమ్మిది దాటాక తీసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అప్పటికే పుప్పొడి రాలిపోయి ఉంటుంది. ఆ రాత్రి హాస్టల్‌కి వెళ్లి ఏడ్చాను. మర్నాటి నుంచి నా నోట్‌బుక్‌లో గంట రాయని పేజీ లేదు. ఇప్పుడు నా స్కాలర్ల దగ్గర కూడా ముందుగా అడిగేది నోట్‌బుక్కే.

ఇక డబ్బు సంగతి. అమ్మానాన్నలు ఇది వినాలి. నేను 2011లో చేరినప్పుడు జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే ఫెలోషిప్, నెలకి 16,000. 2023 జనవరి నుంచి అది 37,000. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ అనే సీనియర్ ఫెలోషిప్ అయితే 42,000, మూడేళ్ల వరకూ. క్యాంపస్‌లో గది ఇవ్వకపోతే ఇంటద్దె భత్యం అదనం. ఆ మొత్తంతో బతకొచ్చు, నెలనెలా వస్తే. నాకు ఒకసారి ఏడు నెలలు రాలేదు. ఫైలు ఎక్కడో ఆగిపోయింది. మెస్ బిల్లు ఒక సీనియర్ అక్క కట్టింది. నాన్న దాళ్వా ధాన్యం అమ్మిన డబ్బులోంచి పది వేలు పంపించి, అమ్మకి చెప్పొద్దన్నారు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఆ పది వేలు తీసుకున్నప్పుడు పడిన సిగ్గు ఇప్పటికీ నాకు గుర్తే. పరిశోధనని తపస్సు అని పొగిడే వాళ్లుంటారు. ఆ మాట చెప్పి జీతం ఆలస్యమైనా అడగొద్దంటే ఒప్పుకోకండి. ఇది పని. పనికి కూలి వేళకి రావాలి. చేరేటప్పుడే మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవడానికి వీలుందేమో చూసుకోండి. అది లేని ఇళ్ల పిల్లలే ముందు వదిలేసి వెళ్తారు. దేశం పోగొట్టుకుంటున్నది వాళ్లనే.

ఆడపిల్లలకి ఇంకో లెక్క ఉంటుంది. పీహెచ్‌డీ అయ్యేసరికి ఇరవై తొమ్మిది, ముప్పై. పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు చేసే పరిశోధన, అయ్యేసరికి ముప్పై మూడు, ముప్పై నాలుగు. ప్రతి సంక్రాంతికీ "ఇంకా ఎన్నేళ్లు చదువుతావే?" అనే ప్రశ్న. పోస్ట్‌డాక్‌కి అమెరికా వెళ్లినప్పుడు నాకు పెళ్లై ఏడాది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గడువు ఆరేళ్లయితే ఆడవాళ్లకి ఇంకో రెండేళ్లు ఇవ్వొచ్చు, ప్రసూతికీ పిల్లల సంరక్షణకీ 240 రోజుల వరకూ సెలవుంది. ఇవి ఎవరో దయతో ఇచ్చేవి కావు. అడగడానికి మొహమాటపడకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది గైడ్. మీరంతా సంస్థ పేరు చూస్తారు, తర్వాత టాపిక్ చూస్తారు. నేనైతే గైడ్‌ని ముందు చూడమంటాను. నా స్నేహితురాలు ఒకమ్మాయి ఉండేది. చేతి పనిలో నాకంటే ఎంతో మెరుగు. తను రాసిచ్చిన పేపరు డ్రాఫ్టు వాళ్ల గైడ్ టేబుల్ మీద పద్నాలుగు నెలలు ఉండిపోయింది. అడిగితే కేకలు. నాలుగో ఏట సామాన్లు సర్దుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు షామీర్‌పేట వైపు ఒక టీకాల కంపెనీలో క్వాలిటీ విభాగం చూస్తోంది, మంచి పేరు తెచ్చుకుంది. అయినా మేం కలిసినప్పుడల్లా ఆ డ్రాఫ్టు మాట వస్తుంది, తను కాసేపు మాట్లాడదు. కాబట్టి చేరకముందే ఆ ల్యాబ్‌లో చదివి బయటికి వచ్చిన ఇద్దరికైనా ఫోన్ చేయండి. ఎన్నేళ్లు పట్టింది, పేపర్లో ముందు పేరు ఎవరిది, జ్వరం వస్తే సెలవు ఇస్తారా, మధ్యలో ఎంతమంది మానేశారు అని అడగండి. లోపల ఉన్నవాళ్లు నిజం చెప్పలేకపోవచ్చు. బయటికి వచ్చినవాళ్లు చెబుతారు.

ఈ ఊళ్లో మాట్లాడుతూ యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఎత్తకుండా ఎలా? 1895లో ఇక్కడే పుట్టారు. తర్వాత అమెరికాలో హార్వర్డ్ చేరారు. ఖర్చులకి ఆస్పత్రిలో రాత్రుళ్లు కింది స్థాయి పనులు చేశారు. ఫాస్ఫరస్‌ని కొలవడానికి అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతిని మీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో మీరూ చేసే ఉంటారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ, అంటే కణాలకి శక్తినిచ్చే పదార్థాలు కనిపెట్టడం, ఇవన్నీ ఆ ల్యాబ్ పనే. అంత చేసిన మనిషికి హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్కుల్లో మొదటిది, ఇవన్నీ ఆయన నడిపించిన బృందాల నుంచి వచ్చాయి. బోదకాలుకి డీఈసీ మందు కూడా అక్కడిదే. మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర అదే. మా నాన్నమ్మ కాలు వాచి ఉండేది. ఆ మాత్రలు మింగిన మా తరానికి ఆ జబ్బు రాలేదు.

ఆయన 1948లో పోయారు, 53 ఏళ్లకి. కుర్చీ దక్కలేదన్న బాధ ఆయనకి ఉందో లేదో నేను చెప్పలేను. కంపెనీలోనూ ఆయన చేసింది పరిశోధనే. అందుకే అమ్మానాన్నలకి నా విన్నపం, మీ అబ్బాయో అమ్మాయో పీహెచ్‌డీ అయ్యాక కంపెనీకో, డయాగ్నస్టిక్ ల్యాబ్‌కో, జూనియర్ కాలేజీలో పాఠం చెప్పడానికో వెళ్తే చదువు దండగైందని చుట్టాల ముందు అనకండి. మంచి బయాలజీ లెక్చరర్ వల్లే నేను ఈ దారి పట్టాను.

ఇంక ఎక్కువసేపు మాట్లాడను. అదిగో, బయట వరండాలో నాలుగు కుండీలు పెట్టించాను. రెండింట్లో కంకులకి నిన్న సాయంత్రం ఐదున్నరకి కేసరాలు తీసి సంచులు తొడిగాను, గంట సంచి మీదే రాసి ఉంది. మిగతా రెండూ మగ మొక్కలు. ఇప్పుడు పదింబావు. ఇంకాసేపట్లో పూలు విచ్చుకుంటాయి. ఫోర్సెప్స్ పది తెచ్చాను, వంతులేసుకుని రండి. ముందు ఆ ఆరు కేసరాలూ ఎక్కడుంటాయో చూపిస్తాను.