అడిగి తెచ్చుకున్న పేరు

శ్రోతలందరికీ నమస్కారం. ఈ పూట బైబిల్లోని ఒక ప్రవక్త పేరు గురించి మాట్లాడుకుందాం: సమూయేలు. మనవాళ్లు శామ్యూల్ అంటారు, సామేలు అంటారు. పేరు ఏదైనా, దాని వెనుక ఒక తల్లి ఉంది, ఆమె పేరు హన్నా.

ఎఫ్రాయిము కొండసీమలో ఎల్కానాకు ఇద్దరు భార్యలు. పెనిన్నాకు పిల్లలున్నారు, హన్నాకు లేరు. ఏటా షిలోహు మందిరానికి వెళ్లినప్పుడల్లా పెనిన్నా సూటిపోటి మాటలు, హన్నా తిండి మానేసి ఏడవడం. "పదిమంది కొడుకులకంటే నేను నీకు ఎక్కువ కానా?" అని భర్త బుజ్జగించేవాడు. ప్రేమతోనే అన్నాడు పాపం, కానీ ఆ మాటతో పిల్లలు లేరన్న ఆమె బాధ తీరుతుందా?

ఒకరోజు ఆమె మందిరంలో నిలబడి ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం వినపడడం లేదు. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు, అంటే మందిర పూజారి, ఏలీ అది చూసి, తాగి వచ్చిందనుకుని మందలించాడు! తాగలేదయ్యా, మనసులో బాధంతా దేవుడి ముందు కుమ్మరిస్తున్నానని చెప్పుకుంది. ఆ ప్రార్థనలోనే, కొడుకును ఇస్తే నీకే ఇచ్చేస్తానని దేవుడికి మొక్కుకుంది. మొక్కు అనే మాట మనకు విడమరిచి చెప్పాలా?

కొడుకు పుట్టాడు. దేవుణ్ణి అడిగి తెచ్చుకున్నాను కాబట్టి సమూయేలు అంది. ఇక్కడే ఒక చిక్కుంది. హీబ్రూలో ఈ పేరు షెమూయేల్. ఏల్ అంటే దేవుడు, షేమ్ అంటే పేరు, కాబట్టి 'దేవుని పేరు' అని చాలామంది పండితులు చెబుతారు. షామా అంటే విను, అందుకే 'దేవుడు విన్నాడు' అనే అర్థం కూడా జనంలో బాగా ఉంది. అడగడం అనే ధాతువు మాత్రం నిజానికి సౌలు పేరులో ఉంది, తర్వాత సమూయేలే అభిషేకించిన రాజు! నాకైతే 'దేవుడు విన్నాడు' అన్నదే ఇష్టం, ఎందుకంటే పక్కనున్న యాజకుడికి కూడా వినపడని ప్రార్థన అది.

మొక్కు ప్రకారం పాలు మాన్పించాక పిల్లాణ్ణి మందిరంలో వదిలి వచ్చింది. ఆ తర్వాత ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. ఏడాదిలో ఎంత ఎదిగాడో, చేతులు ఎంత పొడుగయ్యాయో చూడకుండానే కొలత ఊహించుకుని కుట్టిన అంగీ. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను.

ఇక మీ ఇంట్లో ఈ పేరు పెట్టబోతుంటే ఒక్క మాట. మా బంధువుల అబ్బాయికి జనన ధ్రువపత్రంలో శామ్యేలు, పదో తరగతి సర్టిఫికెట్‌లో శామ్యూల్, ఆధార్‌లో సామేలు. పాస్‌పోర్ట్ సమయంలో ఇంటిల్లిపాదికీ టెన్షన్. నామకరణం రోజే తెలుగు అక్షరాలు, ఇంగ్లీషు అక్షరాలు రెండూ ఒక కాగితం మీద రాసి, అమ్మమ్మకూ నాన్నమ్మకూ చదివి వినిపించి, ఆ కాగితమే చేతిలో పట్టుకుని జనన నమోదుకు వెళ్లండి.