ఒక్క మనిషి, మూడు పేర్లు

(బీడీ కార్మికుల పీఎఫ్, పింఛను పనుల్లో సాయం చేయడానికి ముందుకొచ్చిన డిగ్రీ విద్యార్థులతో నిజామాబాద్‌లో మాట్లాడిన పాఠం)

అందరికీ నమస్కారం.

మీలో సగం మంది ఫీజులు బీడీల పైసలతోనే కట్టి ఉంటారు. అమ్మ చాట ఒళ్ళో పెట్టుకుని చుడుతుంటే పక్కన కూర్చుని చదువుకున్నవాళ్ళే మీరు. కాబట్టి తునికాకు నానబెట్టడం, కత్తిరించడం, కట్టలు కట్టడం గురించి నేను చెప్పేదేం లేదు. చట్టం సంగతి కాస్త చెప్తా, అదీ కొంచెమే.

బీడీ పరిశ్రమకు పీఎఫ్ వర్తించింది 1977లో. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్ళు మా కార్మికులే కారని యజమానులు కోర్టుకెక్కారు. 1985లో సుప్రీంకోర్టు ఆ మాట ఒప్పుకోలేదు. కారణం మీకు నచ్చుతుంది. కార్ఖానాలో మన ఆడవాళ్ళు తెచ్చిన బీడీలు ఏరి, బాగాలేవని పక్కన పారేస్తారు చూడండి, ఆ పారేసే అధికారం ఉందంటే పని మీద అజమాయిషీ ఉన్నట్టే కదా అంది కోర్టు. ఏ ఏరివేత చూసి మన అమ్మలు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారో, అదే వాళ్ళను కార్మికులని నిరూపించింది.

అంటే హక్కు ఉందా లేదా అన్న కొట్లాట మనకు ముందువాళ్ళు గెలిచి పెట్టారు. మరి పైసలు ఎందుకు రావు? నేను చూసినంతలో చట్టం తెలియక పోయినవి తక్కువ. కాగితం దగ్గర ఆగినవే ఎక్కువ.

ఒకామె సంగతి చెప్తా, పేరు మార్చి. ఆధార్‌లో గంగామణి. ముప్పై ఏళ్ళ కిందట కార్ఖానాలో లెక్కలు రాసే మున్షీ రాసుకున్న పేరు గంగు. బ్యాంకు పుస్తకంలో గంగవ్వ. ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఒకచోట అత్తగారిది. ఊరంతటికీ ఆమె ఎవరో తెలుసు, కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు మనుషులు. ఇక పుట్టినతేదీ. ఆధార్ దిగినప్పుడు వయసు అడిగితే ఉజ్జాయింపుగా ఓ అంకె చెప్పింది, వాళ్ళు జనవరి 1 వేశారు. మన ఊళ్ళల్లో పెద్దవాళ్ళు సగం మంది జనవరి 1నే పుట్టారు, మీరూ గమనించే ఉంటారు. పీఎఫ్‌లో ఇంకో ఏడు, ఇంకో నెల. పీఎఫ్ సొమ్ము ఇమ్మని ఆమె పెట్టిన క్లెయిమ్ మూడుసార్లు వెనక్కొచ్చింది. మూడుసార్లూ ఇంటర్నెట్ సెంటర్‌లో పైసలు తీసుకుని అదే కాగితం మళ్ళీ పంపారు.

ఆమెకు కావలసింది క్లెయిమ్ కాదు, దానికి ముందు జాయింట్ డిక్లరేషన్. అంటే కార్మికురాలు, యజమాని ఇద్దరూ కలిసి పేరూ తేదీ ఇదీ అని పీఎఫ్ ఆఫీసుకు చెప్పడం. అది అయ్యాకే క్లెయిమ్. మీరు ఏ ఇంటికి వెళ్ళినా మొదట ఆధార్, పీఎఫ్, బ్యాంకు, మూడు పేర్లూ ఒకదాని కింద ఒకటి కాగితం మీద రాయండి. స్పెల్లింగుతో సహా. ఆ పది నిమిషాల పని చేయకుండా ఏ ఫారమూ ముట్టుకోవద్దు.

రెండోది, దీని మీద నాకు కోపం ఎక్కువ. పదేళ్ళ సర్వీసు ఉంటేనే పీఎఫ్ పింఛను. తొమ్మిదేళ్ళ ఏడు నెలలున్న ఒకామెకు పదేళ్ళు నిండలేదు, పింఛను సొమ్ము తీసేసుకో అని చెప్పి ఎవరో 10సీ ఫారం, అంటే ఆ సొమ్ము ఒకేసారి వెనక్కి తీసుకునే ఫారం, నింపి ఇచ్చారు. ఆరు నెలలు దాటితే దాన్ని నిండు ఏడాదిగా లెక్కిస్తారు. అంటే ఆమెకు పదేళ్ళు ఉన్నట్టే. ఆ ఫారం వెళ్ళిపోయి ఉంటే చేతికొచ్చేది ఒక్కసారి కాస్త సొమ్ము, పోయేది బతికినన్నాళ్ళూ నెలనెలా వచ్చేది. పీఎఫ్ కనీస పింఛను వెయ్యి రూపాయలే, అది చాలా తక్కువని నేనూ అంటాను. కానీ బీపీ గోళీలు ఆ వెయ్యితోనే కొనేవాళ్ళు నాకు తెలుసు. బీడీ కార్మికులకు రాష్ట్రం ఇచ్చే 2,016 రూపాయల జీవన భృతి వేరు, ఇది వేరు. ఇంట్లో వాళ్ళు రెండింటినీ పింఛనే అంటారు. ఏది అడుగుతున్నారో తేల్చుకుని జవాబు చెప్పండి.

ఇంకో చిక్కుంది. ఇది ఎవరూ మీకు తమంతట తాము చెప్పరు. పీఎఫ్ నంబరు అత్త పేరు మీద ఉంటుంది, చుట్టేది అత్తా కోడలూ ఇద్దరూ. కోడలి చేతి పని అంతా అత్త పుస్తకంలోకి పోతుంది. పదిహేనేళ్ళు చుట్టినా కోడలు ఎక్కడా లేదు. దీన్ని ఇంట్లో పంచాయితీ చేయొద్దు, మీకు ఆ పని లేదు. ఆమె పేరున కార్డు ఇమ్మని కార్ఖానాలో అడగాలి, ఎన్ని బీడీలు ఇచ్చిందో రాసే లాగ్‌బుక్ ఆమె పేరున రాయించుకోవాలి. ఇవ్వకపోతే లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. వకీలు కావాల్సి వస్తే ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. నంబరు 15100. ఇది మాత్రం రాసుకోండి.

వేళ్ళ సంగతి. ముప్పై ఏళ్ళు ఆకు మడిచిన వేళ్ళకు గీతలుండవు. మిషన్ మీద పెడితే పడవు, తుడిచి పెట్టినా పడవు. బతికే ఉన్నానని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేక పింఛను ఆగిపోయిన ముసలమ్మ, నేను చచ్చిపోయానని రాసిన్రా కొడకా అని అడిగింది నన్ను. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సౌకర్యం ఉంది. వెలుతురున్న అరుగు మీద కూర్చోబెట్టి తీయండి, ఇంట్లో చీకటి కోణంలో కాదు. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది, కాబట్టి నవంబరు దాకా ఆగి రద్దీలో పడక్కర్లేదు.

భర్త పోతే భార్యకు పింఛను వస్తుందని అందరికీ తెలుసు. బీడీలు చుట్టే భార్య పోతే భర్తకూ వస్తుందని ఎవరూ చెప్పరు. పనిలో ఉండగా పోతే ఒక్క నెల చందా కట్టి ఉన్నా కుటుంబ పింఛను ఉంటుంది. పిల్లలకు పాతికేళ్ళ దాకా వాటా ఉంటుంది. చావు ఇంట్లో ఈ మాట ఎత్తడం కష్టమే. పెద్దకర్మ అయ్యాక వెళ్ళండి, కానీ వెళ్ళండి.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల బదులు కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, ఇవన్నీ పోతాయా అని నిన్న ఒక తమ్ముడు అడిగాడు. చట్టాల పేర్లు మారాయి. గంగామణి పేరు సరిచేసే పని అలాగే ఉంది.

చివరగా కొన్ని కట్టుబాట్లు. ఓటీపీ ఎందుకు వస్తుందో చెప్పకుండా వాళ్ళ ఫోన్ చేతిలోకి తీసుకోవద్దు. అసలు కాగితాలు మీ దగ్గర ఒక్క రాత్రి కూడా ఉంచుకోవద్దు, ఫొటో తీసుకుని అక్కడే ఇచ్చేయండి. చాయ్ తాగండి, పైసలు తీసుకోవద్దు. వస్తుందమ్మా అని మాట ఇవ్వొద్దు, ఏం రాశామో ఎప్పుడు మళ్ళీ వస్తామో చెప్పండి చాలు.

రేపు పొద్దున్నే బయల్దేరకండి. పొద్దున కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే వేళ, ఇళ్ళకు తాళాలుంటాయి. తిన్నాక, రెండింటి తర్వాత వెళ్తే వాకిట్లో నలుగురూ ఒక్కచోటే చుడుతూ కనబడతారు. చేతులు ఆపమని అడక్కండి, పక్కన కూర్చుని అడగండి. చుడుతూనే చెప్తారు.